ఖోఖా భుజం ఎంత దించాలి

రాయపూర్ నుంచి అటు ఆరంగ్ దాకా, ఇటు అభన్‌పూర్ దాకా లైసెన్సున్న రైఫిలు ఏది కాల్చిన ఖోఖానైనా నా చేతిలో పెట్టండి, కళ్లు మూసుకుని బొటనవేలితో ఒక్కసారి తడిమి ఇది ఫలానావారి రైఫిలుదని చెప్పేవాణ్ని. కాల్చినవాడు ఆ పొద్దున టీ తాగాడో, ఉత్తి కడుపుతో వచ్చాడో కూడా చెప్పేవాణ్ని. తుపాకుల దుకాణంలో మిస్త్రీగా నా పేరు నిలబడింది దాంతోనే.

ఖోఖా అంటే తూటా పేలాక మిగిలే ఇత్తడి గొట్టం. మా వృత్తిలో అందరూ దాన్ని ఆ మాటతోనే పిలుస్తారు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నన్ను కలిసి, కాల్చిన ఖోఖాను మళ్లీ కొలతకు తేవడం గురించి అడుగుతున్నారు. డై కొనగానే పని వచ్చేసినట్టు మాట్లాడుతున్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. లైసెన్సూ అనుమతీ లేనివాళ్లు ఇది చదువుకుని ఊరుకోండి, చెయ్యి పెట్టకండి.

ఇత్తడికి ఏమవుతుంది

తూటా పేలినప్పుడు ఖోఖా ఉబ్బుతుంది. రైఫిలులో దాన్ని పెట్టే గదిని చాంబరు అంటాం. ఉబ్బిన ఇత్తడి ఆ గది గోడల్ని నాలుగు పక్కలా తాకి, గ్యాసు వెనక్కి రాకుండా మూసేసి, మళ్లీ కాస్త సర్దుకుంటుంది. అందుకే చేత్తో లాగితే బయటికొస్తుంది. కానీ ముందున్న కొలతకు పూర్తిగా రాదు. అచ్చులో పోసిన బెల్లం ఆ అచ్చు ఆకారంలోనే గట్టిపడినట్టు, ఖోఖా తాను పేలిన చాంబరు ఆకారంలో ఉండిపోతుంది.

దాన్ని మళ్లీ వాడాలంటే డై అనే ఉక్కు అచ్చులోకి ప్రెస్సుతో నెట్టాలి. అప్పుడు ఒళ్లు సన్నబడుతుంది, గుండు పట్టే మెడ బిగుస్తుంది. మెడ కింద వాలుగా ఉండే భాగాన్ని భుజం అంటాం. డైని కిందికి మర తిప్పేకొద్దీ భుజం కూడా కిందికి దిగుతుంది. ఎంత దించాలి? నా ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్న ప్రశ్న ఇదొక్కటే. మిగతాదంతా నూనె రాయడం, తుడవడం, దుకాణం యజమాని సేఠ్ తిట్లు తినడం.

సేఠ్ దగ్గర

మా నాన్న రైల్వేలో ఫిట్టరు. బొబ్బిలి వైపు నుంచి బదిలీ మీద వచ్చి రాయపూర్‌లో స్థిరపడ్డాడు. నన్నూ రైల్వేలో పెట్టాలని చూశాడు. నేను పరీక్ష తప్పాను. ఆకురాయి పట్టడం మాత్రం నాన్న చేతి కిందే వచ్చింది కాబట్టి, సదర్ బజారులో తుపాకుల దుకాణం నడిపే గులాబ్ సేఠ్ నన్ను పనిలో పెట్టుకున్నాడు.

సేఠ్ పనిలో గట్టివాడు. అది ముందే చెప్పాలి, తర్వాత ఆయన గురించి వేరే మాటలు రాయబోతున్నాను కనుక. మొదటి వారంలోనే నేను ఒక ఖోఖాను నూనె లేకుండా డైలోకి నెట్టేశాను. అది లోపల బిగుసుకుపోయింది. బలంగా లాగితే అడుగు అంచు ఊడొచ్చింది గానీ ఖోఖా రాలేదు. సేఠ్ నన్ను తిట్టలేదు. ఖోఖా అడుగున రంధ్రం వేయించి, మర కోయించి, బోల్టు ఎక్కించి, దాంతో లాగించాడు. మధ్యాహ్నం దాకా పట్టింది.

"అబ్ సమఝా? ఆముదం ఎందుకో ఇప్పుడు నీకు చెప్పక్కర్లేదు" అన్నాడు. ఆయన హిందీ, నా తెలుగు కలిసి కొన్నేళ్లకి దుకాణంలో ఒకే భాష అయిపోయాయి.

మర్నాడు భయంతో ఆముదం దిట్టంగా పూశాను. నూనె పోవడానికి చోటు లేక భుజం మీద సొట్టలు పడ్డాయి. "నిన్న ఎండబెట్టావు, ఇవాళ తలంటు పోశావు" అన్నాడు సేఠ్. వేలి కొసకు తడి తెలిస్తే చాలు. తడి కనిపించిందంటే ఎక్కువైనట్టే.

ఆయన నేర్పిన ఇంకో సూత్రం: డైని, ఖోఖా నిలబడే ప్రెస్సు పీటకు తగిలేదాకా బిగించు, ఆ పైన ఇంకొంచెం బిగించు. దుకాణానికి పది మంది వస్తారు, పది రైఫిళ్లు ఉంటాయి. మనం కొలతకు తెచ్చిన ఖోఖా ఎవరి రైఫిలులోనైనా నున్నగా దూరాలి. ఒకటి పట్టలేదని తిరిగొచ్చినా దుకాణం పరువు పోతుంది. మాకు ఆ సూత్రం సరైనదే. అది దుకాణం సూత్రమని, ఇంటిసూత్రం కాదని నాకు చాలా ఏళ్లు తట్టలేదు.

ఇక్కడ మొదటి పేరా సంగతి కొంచెం సర్దుకోవాలి. ఏ రైఫిలు ఖోఖానైనా గుర్తుపడతానన్నాను కదా. గుర్తుపట్టింది ఒక్క రైఫిలునే. ఒక ఠాకూర్‌గారి రైఫిలులో ఖోఖాను బయటికి లాగే కొక్కెం దాని అంచు మీద ప్రతిసారీ గోటి గాటులాంటి గుర్తు పెట్టేది. ఒకరోజు పందెంలో అది నా వేలికి తగిలి పేరు చెప్పేశాను. తర్వాత అడిగినవాళ్లకు ఖోఖా తడుముతూ ఎదురుగా ఉన్నవాళ్ల మొహాలు చూసేవాణ్ని. తన ఖోఖా నా చేతిలో ఉన్నవాడు ఊపిరి బిగబడతాడు. టీ సంగతి పూర్తిగా కల్పితం. అయితే ఆ గాటు వల్ల ఒక కుతూహలం మాత్రం పట్టుకుంది: ప్రతి రైఫిలూ ఇత్తడి మీద ఏదో ఒకటి రాసి పంపిస్తుంది, మనం చదవడం లేదంతే.

సుభద్ర టీచరుగారు

సుభద్ర టీచరుగారు ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పేవారు. వాళ్ల నాన్నగారు కాకినాడ నుంచి వచ్చి ధమ్‌తరీ రోడ్డున కలప కాంట్రాక్టు చేసినవారు. ఆయన పోయాక ఆయన రైఫిలు ఈవిడ పేరు మీదికి మారింది. మేము హిందీలో తీస్-ఛే, అంటే ముప్పై-ఆరు, అని పిలిచే కొలత అది. ఆవిడ దాంతో వేటకు వెళ్లలేదు. ఆదివారాలు మైదానంలో గురి చూసి అట్టముక్కల్ని కాల్చేవారు. రాష్ట్రం పోటీల్లో నిలబడాలని ఆవిడ కోరిక. ఆవిడ అన్నగారికి మాత్రం ఇంట్లో రైఫిలు ఉండటమే ఇష్టం లేదు.

విదేశీ తూటాలు దొరకని రోజులు. ఉన్న ఖోఖాల్నే మళ్లీ మళ్లీ నింపుకోవాలి. ఆవిడ అనుమతి తెచ్చుకున్నాక నేనే వాళ్లింటికి వెళ్లి, వసారాలో బల్లకు ప్రెస్సు బిగించి, డై అమర్చాను. సేఠ్ సూత్రం ప్రకారం పీటకు తగిలేదాకా, పైన ఇంకొంచెం. "ఇక దీన్ని కదపకండి అమ్మా" అని చెప్పొచ్చాను. టీచరుగారు కదా, చెప్పినది చెప్పినట్టే చేశారు. అదే కొంపముంచింది.

ఒక సోమవారం ఆవిడ రైఫిలు పట్టుకుని దుకాణానికి వచ్చారు. కుడి చెంప మీద ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. కళ్లజోడు అద్దం ఒకటి పగిలింది.

"నాయుడూ, ఇదేంటో చూడు బాబూ" అని గుడ్డమూట విప్పారు. ఖోఖా అడుగుభాగం ఒక్కటే ఉంది. మిగతా గొట్టం రైఫిలులోనే ఇరుక్కుంది. తూటా పేలినప్పుడు ఖోఖా రెండు ముక్కలై, గ్యాసు వెనక్కి తన్నింది.

"కంటికి...?"

"కన్ను ఠీక్ హై. జోడు అడ్డం పడింది. ఇది మొదటిది కాదు. మరో రెండింటి చుట్టూ ఇలాగే గీత పడింది. అన్నీ ఒకేచోట ఎందుకు చిట్లుతాయి? చెప్పు."

నేను ఆ ముక్కను వెలుతురులోకి తిప్పి చూస్తుండగా సేఠ్ గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చి, రైఫిలు తీసుకుని, ఇరుక్కున్న గొట్టం లాగేసి, చాంబరులోకి దీపం పట్టి చూసి, నాలుక చప్పరించాడు. "చాంబరు అరిగిపోయింది మేడమ్. ఖతమ్. ఇది మొహం పగలగొడుతుంది. మాల్ నాకు అప్పజెప్పండి, పాత ఇనుము కింద ఏదో ఇస్తాను. మీ భాయీసాబ్‌తో నేను మాట్లాడతాను."

ఆ రైఫిలుకు బిగించిన కర్రపిడి మీద సేఠ్ కన్ను ఎప్పటినుంచో ఉందని నాకు తెలుసు. అయితే ఆయన మాట తప్పని కూడా నాకు తెలియదు. ఆ కొలతకు చాంబరు పరీక్షించే గేజు మా దగ్గర లేదు. అన్నగారు ఆ సాయంత్రమే ఒప్పుకున్నారట: వచ్చే సోమవారం రైఫిలు సేఠ్‌కి ఇచ్చేయాలని. టీచరుగారికి మిగిలింది ఒక వారం.

పిల్ల ఉంగరం

టీచరుగారు మర్నాడు బడి వదిలాక, మా దుకాణం పక్క టీకొట్టు దగ్గర నన్ను పట్టుకున్నారు.

"నీ సేఠ్ మాట పక్కన పెట్టు. నువ్వేమంటావు?"

"చూడాలమ్మా."

"చూడాలంటే ఏం చూస్తావు? వరుసగా చెప్పు. క్లాసులో పిల్లల్ని ఇలాగే అడుగుతాను."

ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. టీచరుగారు ఇచ్చిన గీత పడ్డ ఖోఖాను రంపంతో నిలువునా కోశాను. అడుగుకు కొంచెం పైన, గోడ లోపలివైపు ఒక గాడి. అక్కడ ఇత్తడి కాగితంలా పలచబడింది. అంటే సాగింది. సాగాలంటే ముందు ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ రెండు రకాలుగా వస్తుంది: గది పొడవై ఉండాలి, లేకపోతే మనిషి పొట్టివాడై ఉండాలి. గది పొడవంటే సేఠ్ చెప్పింది నిజం. ఖోఖా పొట్టిదంటే, దాన్ని పొట్టి చేసింది నేను అమర్చిన డై.

భుజం దాకా కొలవాలి. వాలు మీద కొలిచే పరికరం వెర్నియర్ దవడ నిలవదు. ఏదైనా చిన్న గుండ్రని వస్తువు మెడ మీదుగా జారి భుజం మీద కూర్చుంటే, దాని పైనుంచి కొలవొచ్చు. దుకాణంలో నట్లన్నీ వెతికాను, ఏదీ సరిపోలేదు. ఇంటికొచ్చి మా ఆవిడ పార్వతి పెట్టె తీశాను. బారసాలకి మా పిల్లకి పెట్టిన వెండి ఉంగరం, బుల్లిది, సరిగ్గా కూర్చుంది.

"ఏటది? పిల్ల ఉంగరం తుపాకీ గుల్లకి తొడుగుతున్నావేటి?" అంది పార్వతి వంటింటి గుమ్మంలోంచి.

"పెళ్లి చేస్తున్నాను."

"నీ తలకాయ. ముందు ఆముదం చెయ్యి కడుక్కో. ఉంగరం నల్లబడితే మా అమ్మకి నువ్వే చెప్పుకో."

కొత్త తూటా, టీచరుగారి రైఫిలులో కాల్చాక నొక్కని ఖోఖా, డైలో నొక్కినది. మూడింటికీ వరుసగా ఉంగరం పెట్టి కొలిచాను. కాల్చినది కొత్తదానికంటే కొంచెం పొడవు. అంటే గది కాస్త పెద్దదే, సేఠ్ పూర్తిగా అబద్ధం చెప్పలేదు. కానీ డైలో నొక్కినది కొత్త తూటా కంటే కూడా పొట్టిగా ఉంది! రైఫిలు ప్రతిసారీ సాగదీస్తోంది, నా డై ప్రతిసారీ వెనక్కి కుదిస్తోంది. ఇనపతీగను అటూ ఇటూ వంచితే ఏమవుతుంది? ఇత్తడికీ అదే అయింది.

ఆ రైఫిలుకు వచ్చిన జబ్బు పెద్దది కాదు. ఆ ఇంట్లో ఉన్నది ఒకే రైఫిలు. దాని ఖోఖా ఊళ్లో అందరి రైఫిళ్లలో దూరాల్సిన పని లేదు, దాంట్లో దూరితే చాలు. దుకాణం సూత్రాన్ని నేను వాళ్ల వసారాలో బిగించి వచ్చాను.

పిల్లలూ, ఇదే గుర్తుంచుకోండి. డైని కొంచెం వెనక్కి తిప్పి, ఖోఖా నొక్కి, రైఫిలులో ఖాళీగా పెట్టి, చాంబరుకు తలుపులాంటి బోల్టును మూసి చూడండి. మూయనంటే డైని వెంట్రుకవాసి దించండి. వేలికి కొంచెం అడ్డు తగిలి, అంతలో ఒప్పుకుని మూసుకునేచోట ఆగండి. ఆ చోటు ఏ పుస్తకంలోనూ ఉండదు, ఆ రైఫిలులోనే ఉంటుంది. ఇంకోటి: సైకిలు స్పోకు కొస వంచి సాన పట్టి, ప్రతి ఖోఖా లోపల అడుగు పైన గీకి చూడండి. కొస ఎక్కడైనా గాడిలో పడితే ఆ ఖోఖాను సుత్తితో నలగ్గొట్టి పారేయండి. జాలిపడొద్దు.

మైదానంలో

ఈ సంగతి సేఠ్‌తో చెబితే ఆయన నవ్వాడు. "నీ పాప ఉంగరం చూసి నేను కుదిరిన సౌదా వదులుకోవాలా?" అయినా ఆయనలోని పనివాడికి కుతూహలం ఆగలేదు. టీచరుగారు ఆ సందు పట్టుకున్నారు.

"సేఠ్‌జీ, ఆదివారం మైదానానికి రండి. ఒకే ఒక్క ఖోఖా. మీ ఎదుటే కాలుస్తాం, మీ ఎదుటే నొక్కి నింపుతాం, మళ్లీ కాలుస్తాం. ఇదివరకు నాలుగోసారికి గీత పడేది. ఆరోసారికి కూడా పడకపోతే, రైఫిలు బాగుందని మీ నోటితో మా అన్నయ్యకు చెప్పాలి."

"పడితే?"

"సోమవారం దాకా ఎందుకు, అక్కడే తీసుకుపోండి."

అభన్‌పూర్ దారిలో మట్టికట్ట ఉన్న మైదానం అది. ప్రెస్సును చెక్కపలకకు బిగించి తీసుకెళ్లాం. మందు టీచరుగారే ఇంటి దగ్గర తూచి చిన్న సీసాల్లో తెచ్చారు. సేఠ్ కుర్చీ వేయించుకుని, గొడుగు కింద కూర్చున్నాడు.

ఒకసారి ఆవిడ చెంప కాలింది కాబట్టి నేను ఒళ్లు దగ్గర పెట్టుకున్నాను. రైఫిలును ఇసుక బస్తాల మధ్య కూర్చోబెట్టి, ట్రిగ్గరుకు తాడు కట్టి, ఆవిణ్ని దూరంగా నిలబెట్టి, మోదుగ చెట్టు వెనక నుంచి నేనే లాగాను. పేలింది. ఖోఖా చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. సేఠ్ స్పోకు అందుకుని లోపల గీకాడు, ఏమీ తగల్లేదు. నేను కొత్త అమరికలో నొక్కాను, ఆవిడ అడుగున నిప్పు పుట్టించే టోపీ కొట్టి మందు పోసి గుండు పెట్టారు. మళ్లీ తాడు లాగాను. నాలుగోసారికి సేఠ్ కుర్చీ వదిలి మా దగ్గరికొచ్చాడు. ఐదోసారి స్పోకు నాకివ్వకుండా తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఆరోసారి తర్వాత ఆయన రంపం అడిగాడు. అక్కడే చెక్కపలక మీద ఖోఖాను నిలువునా కోసి, రెండు ముక్కలూ ఎండకు పట్టి చాలాసేపు చూశాడు. గోడ అంతా ఒకే మందం. గాడి లేదు.

"రైఫిల్ ఠీక్ హై" అన్నాడు. ఆ రెండు ముక్కలూ జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రం అన్నగారింటికి తానే వెళ్లి చెప్పాడు. కన్ను పడిన వస్తువును అలా వదులుకున్నవాళ్లను ఈ వ్యాపారంలో నేను ఎక్కువమందిని చూడలేదు. మర్నాటి నుంచి మా దుకాణంలో ఖోఖాలు తెచ్చేవాళ్లను ఆయన అడిగే మొదటి ప్రశ్న మారిపోయింది: "రైఫిలు ఒకటేనా? అయితే దాన్ని కూడా పట్టుకురా."

చదివి వినిపించాక

ఇంతవరకూ రాసి, టీచరుగారింటికి తీసుకెళ్లి చదివి వినిపించాను. ఆవిడకు ఇప్పుడు చూపు మందగించింది గానీ చెవి పాముచెవి. పందెం సంగతికి నవ్వారు. పిల్ల ఉంగరం దగ్గర "పార్వతి ఎలా ఉంది?" అని అడిగారు. మైదానం దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపారు.

"తాడెక్కడిది నాయుడూ?"

"ట్రిగ్గరుకు కట్టిన..."

"తాడు తేవడం నువ్వు మరిచిపోయావు. ఇంటికెళ్లి తెస్తానన్నావు. సేఠ్ గొడుగు మడుస్తున్నాడు. వెళ్లిపోతే మళ్లీ రాడు, రైఫిలు పోతుంది. నేను నేలమీద పడుకుని భుజానికి ఆనించి పేల్చాను. ఆరుసార్లూ నేనే. నువ్వు చెట్టు వెనక ఉన్న మాట మాత్రం నిజమే. 'వద్దమ్మా, వద్దమ్మా' అంటున్నావు, కళ్లు మూసుకుని."

"అమ్మా, పిల్లలు చదువుతారు. తాడు లేకుండా పేల్చారని రాస్తే, వాళ్లూ అలాగే చేస్తారు."

"చెయ్యొద్దని రాయి. తాడు కట్టమనే రాయి, ఇసుక బస్తాలు పెట్టమను, చెట్టు వెనక్కి పొమ్మను. అన్నీ రాయి. కానీ ఆ రోజు తాడు కట్టామని రాయకు." కళ్లజోడు తీసి, కుడి చెంప మీద వేలు పెట్టి చూపించారు. "అక్కడ ఉన్నది నీ తాడు కాదు బాబూ. నా దవడ."